ఫిట్టరు చెవి

చక్కెర మిల్లు ఫిట్టరునకు సంవత్సరమున రెండే ఋతువులు: గానుగ సీజను, మరమ్మతుల సీజను. 1937లో బోధనున నిజాము చక్కెర కర్మాగారము వెలసిననాడైనను, ఈనాడైనను, గోదావరికి ఈవలనైనను ఆవలనైనను, ఈ పంచాంగము మాఱలేదు. కోసిన చెఱకు కాచుకొని యుండదు. నఱికిన కొలఁది గంటలకే దానిలోని చక్కెర తరుగ నారంభించును. మిల్లు నిలిచినచో పిప్పి రాదు, నిలువపిప్పి తీఱినచో బాయిలరు మండదు, ఆవిరి లేనిచో మిల్లు కదలదు. అందుచే యార్డులో బండ్లబారు పెరుగుచుండఁగా అధికారులు మమ్ము "ఎంతసేపు?" అని యడుగుదురే కాని, "ఏల?" యని యడుగుట అరుదు.

ఏలనో తెలియుటకు మాకు మొదటి సాధనము చెవి. స్క్రూడ్రైవరు మొనను బేరింగు హౌసింగుపై నానించి, పిడిని చెవి వెనుక నెముకకు హత్తించి వినినచో, ఆరోగ్యముగల బేరింగు సన్నని యేకశ్రుతితో సాగును; రేసుపై, అనఁగా గుండ్లు దొరలు వలయముపై, గుంట పడినది లెక్క తప్పక టక్కుటక్కుమనును; గ్రీజు ఎండినది కీచుమనును. గ్రీజు మితిమీఱినది మాత్రము మాటాడదు, చేయి పెట్టనీయనంతగా వేఁడెక్కును. హౌసింగు ఖాళీలో మూఁడవవంతు మొదలు సగమువఱకు గ్రీజు చాలును. క్రొత్తగా చేరిన కుఱ్ఱవాండ్రు నైవేద్యము పెట్టినట్లు పొంగి పొరలువఱకు గన్ను కొట్టుదురు. ఆ భక్తికి ఎన్ని బేరింగులు బలియైనవో!

కాలినదానిని మార్చుట చేయి తిరిగినవానికి కష్టము కాదు. అదే పంపునకు అదే బేరింగు మరల కాలినప్పుడే అసలు విద్య అక్కఱకు వచ్చును. ఆ పంపును త్రిప్పు మోటారు పాదములలో నొకదాని బోల్టు వదులు చేసి, డయలు గేజి ముల్లును చూడవలయును. 0.05 మిల్లీమీటరు మించి ముల్లు కదలెనా, ఆ పాదము పీఠమును తాకక ఇన్నాళ్లు బోల్టు బిగింపుచేతనే వంగి నిలిచినదన్నమాట; ఆ వంపే బేరింగును తినుచున్నది. పాదము క్రింద నుంచు ఒక్క పలుచని రేకు, అనఁగా షిమ్ము, దానికి మందు. లాగుబుక్కులో మాత్రము "బేరింగు మార్చబడినది" అను వాక్యమే తరతరములుగా నడచుచున్నది.

నేను కాలిన బేరింగును తుక్కులోనికి పోనీయను. కోసి, కదలక నిలుచు బయటి రేసును వెలుతురులో త్రిప్పి చూతును. గుండ్లు నడచిన బాట ఏటవాలుగా నున్నచో అలైన్‌మెంటును అనుమానింతును. స్టోరు గుమస్తాగారికి ఈ కోఁత నచ్చదు: పాతది ముక్క చెడక అప్పగించినఁగాని క్రొత్తది ఇయ్యరాదని వారి నిబంధన.