నల్లబడిన తెర

యంత్రము మొరాయించినపుడు దాని మాట వినకయే సర్వమును తుడిచి మరల మొదలిడుట తగదు.

1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుచు, చెంతనే తార్నాకలో నివసించు మా పూర్వవిద్యార్థి యొకడు తన లినక్సు కంప్యూటరునందు గ్రాఫిక్సు డ్రైవరు నెక్కించెను. మరల వెలిగింపగా తెర నల్లబడెను. ఏడాది శ్రమించి వ్రాసిన వ్యాసము దానియందే యుండెను; వేరు ప్రతి లేదు. ఆ వారమే దానిని సమర్పింపవలెను. డిస్కు తుడువక తప్పదని అంగడివారు చెప్పిరి.

మేము పోయి చూచితిమి. కంట్రోలు, ఆల్టు, ఎఫ్3 మీటలను కూడ నొక్కగా అక్షరముల తెర వచ్చెను. మొదట వ్యాసమునకు పెన్‌డ్రైవులో నకలు తీయించితిమి. పిమ్మట కెర్నెలు చిట్టా చదువగా, డ్రైవరుపై నున్న సంతకము తా నెరుగనిదని కెర్నెలు దానిని త్రోసివేసినట్లు తెలిసెను. సెక్యూర్ బూట్ అను కావలి పరిచయము లేని ముద్రను నమ్మదు. కావలిని తొలగింపక, ఆ ముద్రనే దానికి పరిచయము చేయుట యుక్తమని తోచెను. డ్రైవరు తాళపుచెవిని నమోదునకు పంపి, సంకేతపదము నొకటి యేర్పరచి, కంప్యూటరును తిరిగి వెలిగించి, నీలితెరపై ఆ పదమునే టైపు చేయించితిమి. తెర తేటగా వెలిగెను. వ్యాసము గడువులోపల చేరెను.

లినస్ టోర్వాల్డ్స్ 1991లో వెలువరించిన ఈ కెర్నెలు తన తిరస్కారమునకు కారణమును దాచదు. చదువువారికి ఓర్పు కావలెను. బాలబాలికలారా, మీ వ్రాతలకు రెండవ ప్రతి నుంచుకొనుడు. తుడువకముందు చదువుడు.