ఇత్వార్ ముఅమ్మా

ఇత్వార్ అనుబంధంలో నేను మొదట వెతికేది పదకేళి పేజీ. వారమంతా వార్తలతో దిమాగ్ ఖరాబయ్యే ఉద్యోగం నాది. సెలవు రోజూ వార్తలే చదవమంటే నా వల్ల కాదు.

ఇంగ్లీషు పజిల్‌లో గడికో లెటర్. 1913 డిసెంబర్ 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ వేసిన మొదటిదాని నుంచీ అదే తరీఖా. మన తెలుగులో గుణింతం, వత్తులు, బాల్‌బచ్చా అంతా ఒకే గడిలో కాపురం. 'స్త్రీ' మొత్తం ఒక్క గడి. ఆరుద్ర గళ్ల నుడికట్టు, శ్రీశ్రీ పదబంధ ప్రహేళిక అల్లింది ఈ లెక్కతోనే. అడ్డంలో 'బు' పడితే నిలువులోనూ 'బు'యే రావాలి. ఉర్దూలో జేర్, జబర్, పేష్ మామూలుగా రాయం, 'బే' ఒక్కటి చాలు. అలీఫ్ బేలతో చదువు మొదలైన నాకు ఈ పట్టింపు డిగ్రీలో తెలుగు తీసుకున్నాకే ఒంటబట్టింది.

అమ్మీకి తెలుగు చదవడం రాదు, మాట్లాడ్డం మాత్రం ఫర్‌ఫర్. ఢిల్లీ 'షమా' పత్రికలో అదబీ ముఅమ్మాలు నింపిన తరం. నేను ఆధారం చదువుతాను, ఆమె పాన్‌దాన్ ముందు కూచుని చెబుతుంది. "ప్రశ్నకు జోడీ, మూడక్షరాలు" అన్నానంటే "జవాబ్" అంటుంది. గడిలో పడేది 'బు'. రోజ్ రోజయింది, వకీల్ వకీలయ్యాడు, బజార్ బజారయింది. తెలుగులో మకాం పెట్టాలంటే చివర కొమ్ము తగిలించుకోవాల్సిందే. "హమారే లఫ్జాంకు దుమ్ కైకూ లగాతేం బేటా?" అని అమ్మీ షికాయత్.

నా షికాయత్ వేరు. ఆధారంలో 'ముస్లిం' అని ఉంటే గళ్లు చూడకుండానే జవాబు చెప్పేయొచ్చు: బిర్యానీ, బురఖా, నవాబు, మహా అయితే రంజాన్. అదే పజిల్‌లో నాలుగు గళ్ల అవతల దస్తావేజు, జాబితా, తహశీల్దారు హాయిగా కూచుని ఉంటాయి. వాటి ఆధారాల్లో మన ఊసే ఉండదు. రైతు అనే మాట 'రఅయ్యత్' నుంచి వచ్చిందని డిగ్రీ క్లాసులో నేనంటే వెనక బెంచీ ఘొల్లుమంది. "అన్నీ మీవేనా సాయిబూ?" అన్నాడొకడు. తర్వాత పరీక్షలకు నా నోట్సే అడిగి పట్టుకెళ్లాడు, అది వేరే సంగతి.

అన్నీ మనవే అని నేనూ అనను. మొన్న "రావణుడి ఊరు వెనక్కి తిరిగితే రాసుకోవచ్చు (2)" దగ్గర మా అమ్మాయి ఆగిపోయింది. ఎనిమిదో తరగతి, ఇంగ్లీషు మీడియం. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది, ఉర్దూ లిపి అసలే రాదు.

"దాదీ చదివినట్టు చదువు బేటీ, కుడి నుంచి" అన్నాను.

లంక. కుడి నుంచి కలం.

"ఖలమ్! ఖురాన్‌లో సూరానే ఉంది ఆ పేరుతో" అంది అమ్మీ, గెలిచినట్టు. సంస్కృతంలోనూ కలమం ఉందనీ, అరబ్బీకి అది గ్రీకుల 'కలమోస్' నుంచి వచ్చిందంటారనీ చెప్పాను. అమ్మీ మొహం చిట్లించింది. యూనానీ దవా అయితే మూడు పూటలా మింగుతుంది గానీ, యూనానీ ఖలమ్ అంటే ఒప్పుకోదు.

"ఉర్దూలో ఎలా రాస్తారు దాదీ?" అడిగింది పిల్ల.

అమ్మీ నా చేతిలో పెన్ను లాక్కుని, పజిల్ పక్కన ఖాళీ జాగాలో ఖాఫ్, లామ్, మీమ్ విడివిడిగా రాసి, కింద కలిపి రాసింది. పిల్ల వేలితో లెక్కపెట్టింది.

"ఇది రెండు గళ్లలో పట్టదు అబ్బా, మూడు కావాలి."