బరువు మోయునది యేది?

ఉపాధ్యాయుడు తరగతిలో చేయు తప్పులన్నియు పరీక్ష పత్రములలో కానరావు. అట్టి నా తప్పొకటి ఇరువది యేండ్లకు లండను నగరమున నాకు కనబడినది. ఆ వృత్తాంతమును మన పాఠశాల బాలబాలికలకు చెప్పుట నా విధియని తలంచి యీ వ్యాసము వ్రాయుచున్నాను.

నేను శిక్షణ ముగించుకొని క్రొత్తగా పనిలో చేరిన దినములవి. ఎనిమిదవ తరగతికి లండనునందలి పరిశుద్ధ పౌలు దేవాలయమును గూర్చి చెప్పుచు, గోడకు ఒక పటము తగిలించితిని. "ఈ గుమ్మటము కఱ్ఱతో చేసి సీసపు రేకులు కప్పినది, దానిపైనున్న మండపము రాతితో కట్టినది" అంటిని. వెనుక బల్లనుండి ఒక తాపీమేస్త్రి కుమారుడు లేచి, "మాష్టారూ, అంత రాతిని కఱ్ఱ యెట్లు మోయునండీ? లోపల బరువు మోయునది యేది?" అని యడిగెను. నాకు తెలియదు. తెలియదని చెప్పుటకు నోరు రాలేదు. "పాఠములో లేనిది అడుగకుము, కూర్చుండుము" అని గద్దించితిని. పిల్లలు నవ్విరి. ఆ బాలుడు ఆ సంవత్సరమంతయు మఱియొక ప్రశ్న వేయలేదు.

గడచిన వేసవి సెలవులలో, లండనులో ఉద్యోగము చేయుచున్న మా అక్కగారి కుమారుడు నన్ను పిలిపించుకొనెను. ఆ నగరమున చూడదగిన కట్టడములు వందలు గలవు. నేను ముఖ్యముగా మూడింటిని, ఆ బాలుని ప్రశ్ననే మనస్సున నుంచుకొని, చూచితిని.

మొదటిది థేమ్సు నది యొడ్డునగల లండను కోటలోని తెల్లబురుజు. నార్మండీనుండి వచ్చి 1066లో ఇంగ్లండును జయించిన విలియం రాజు, 1070వ దశకమున దీనిని కట్టింప నారంభించెను. ఎత్తు సుమారు 90 అడుగులు. అడుగున గోడల మందము కొన్నిచోట్ల 15 అడుగులు. లోపలి ప్రార్థనామందిరములో లావైన స్తంభములును, వాటిమీద అర్ధచంద్రాకారపు కమానులును గలవు. ఇది నార్మను పద్ధతి. ఇచ్చట బరువు మోయునది గోడయే. మందమే దాని బలము.

రెండవది వెస్ట్‌మినిస్టరు ఆబీ. మూడవ హెన్రీ రాజు 1245లో దీనిని గోథిక్ పద్ధతిని తిరిగి కట్టింప మొదలిడెను. కమానులు కొనదేలి యుండును. కప్పు సుమారు 100 అడుగుల ఎత్తున నున్నది. గోడలలో పెద్ద పెద్ద గాజుకిటికీలు గలవు. రాతికప్పు గోడలను వెలుపలికి త్రోయును. ఆ త్రోపును బయటనున్న ఊతకమానులు అందుకొని, రాతిదిమ్మెల మీదుగా నేలకు దింపును. మన యూళ్లలో ఒరిగిన గోడకు వాసముతో ఊత పెట్టినట్లే ఇచ్చట రాతితో పెట్టిరి. ఊతను దాచలేదు, అదియే కట్టడమునకు అలంకారమైనది.

మూడవది పరిశుద్ధ పౌలు దేవాలయము. 1666 సెప్టెంబరులో లండను తగులబడినప్పుడు 13,000లకు పైగా ఇండ్లును, 87 దేవాలయములును నశించెను. పాత పౌలు దేవాలయమును కాలిపోయెను. దాని స్థానమున క్రొత్తదానిని కట్టిన క్రిస్టొఫర్ రెన్ అంతకు ముందు ఆక్స్‌ఫర్డులో ఖగోళశాస్త్రాచార్యుడు. 1675లో పని మొదలాయెను. 1708లో ఆయన కుమారుడు శిఖరపు మండపమునకు తుదిరాయి నిలిపెను. సిలువ కొన వఱకు ఎత్తు 365 అడుగులు. స్తంభములతోను గుమ్మటముతోను గంభీరముగా నున్న యీ పద్ధతిని బరోక్ అందురు.

లోపల నిలిచి తలయెత్తి చూడగా చిత్రములతో నిండిన గుమ్మటము కనబడెను. వీధినుండి చూచినదియు ఇదియే యనుకొంటిని. మెట్లెక్కి పోగా అవి రెండును వేఱని తెలిసినది. లోపలిది ఇటుకలది, బయటిది కఱ్ఱది. రెంటి నడుమ ఇటుకలతో శంకువాకారమున కట్టిన మూడవ కట్టడమొకటి కలదు. దాని మందము ఒకటిన్నర అడుగు మాత్రమే. సుమారు 850 టన్నుల రాతిమండపమును మోయునది అదియే. అడుగున విచ్చిపోకుండ ఇనుపగొలుసు చుట్టిరి. నగరమంతయు బయటి గుమ్మటమును చూచును. ప్రార్థనకు వచ్చినవారు లోపలి గుమ్మటమును చూతురు. బరువు మోయుదానిని చూచువారు అరుదు.

శిఖరము వఱకు మెట్లు 528. మోకాళ్లు నొచ్చుచుండగా ఆ ఇటుకల యెదుట నేను చాలసేపు నిలిచితిని. నేను కూర్చుండబెట్టిన ప్రశ్నకు జవాబు అచ్చట నిలిచియుండెను.

తిరిగి వచ్చిన వారములోనే ఆ పూర్వ విద్యార్థిని వెదకికొని పోయితిని. అతడిప్పుడు తండ్రివలె మేస్త్రి. పరంజా దిగి, చేతులు తుడుచుకొని నమస్కరించెను. నేను కాగితముపై మూడు కట్టడములను గీచి చూపి, నాటి నా మాటను మన్నింపుమని వేడితిని. అతడు కాగితమును పరీక్షగా చూచి చిఱునవ్వు నవ్వి, "ఆ రాత్రియే మా నాయనను అడిగినానండీ. లోపల ఇటుకకట్టు ఏదో ఉండి తీరవలెను, లేకున్న నిలువదు అన్నాడండీ" అనెను.

"మఱి నాతో చెప్పలేదేమి నాయనా?" అంటిని.

"మీరు కూర్చోమన్నారు గదండీ" అనెను.

దానికి నేనేమి చెప్పగలను? పుస్తకము చదివిన నాకు తెలియని సంగతిని, లండను చూడని ఒక మేస్త్రి తన చేతిపని వలన ఎఱిగియుండెను. ఒక బాలుని కూర్చుండబెట్టి, తరగతి పిల్లలందఱికిని ఆ జవాబు దక్కకుండ చేసితిని.

ఇప్పుడు నా తరగతిలో నల్లబల్ల మూలను కొంత చోటు విడిచియున్నాను. నాకు తెలియని ప్రశ్నలను అందు వ్రాసి, సాయంకాలము ఇంట పెద్దలను అడిగి రమ్మని పిల్లలకు చెప్పుచున్నాను. తల్లిదండ్రులారా, మీరు కమ్మరులైనను, కాపులైనను, మేస్త్రులైనను, వారు వచ్చి అడిగినప్పుడు మీకు తెలిసినది చెప్పి పంపుడు. మఱునాడు ఉదయము మీ జవాబు కొఱకు వారితోపాటు నేనును కనిపెట్టుకొని యుందును.