ఇటలీ చూచి వచ్చిన పిల్లతో హంపికి

బళ్ళారిలో కాపురమున్న వారికి హంపి చూడటం కంటె హంపి చూపించటమే ఎక్కువ అలవాటు. చుట్టాలు దిగితే ఆదివారం ప్రయాణం పెట్టవలసిందే. వారిని విరూపాక్షుని గుడిలోకి పంపి మనం చెప్పులకు కాపలా కూర్చుంటాము. ఇరవై యేండ్లుగా మేము చేస్తున్న హంపి యాత్ర ఇంతే. అందుచేత మా అక్క కూతురు వచ్చి, "మామా, రెండు దినాలు నాతో హంపికి వస్తావా? టేపు పట్టుకొనేవాళ్ళు కావాల" అన్నప్పుడు, ఇదేమి యాత్ర అనుకున్నాము.

ఆ పిల్ల బెంగుళూరులో ఆర్కిటెక్చరు చదువుతున్నది. నాలుగో యేట అర్ధ సంవత్సరం ఇటలీలో చదివి వచ్చింది. పంపేటప్పుడు ఇంట్లో పెద్ద రభస. "ఇండ్లు కట్టేది నేర్చుకోను అంత దూరం ఎందుకే? బళ్ళారిలో మేస్త్రీలు లేరా?" అని మా అమ్మ. అప్పు పత్రం మీద హామీ సంతకం మాది గనుక మేము నోరు మెదపలేదు గాని, ఆ అప్పుకు ఏమి దక్కిందో కనుక్కోవాలని లోపల వున్నది. రెండు రోజులు సెలవు చీటీ రాసి యిచ్చి బయలుదేరాము.

హోసపేట రైల్లో కూర్చోగానే అడిగాము. రోములో పాంథియన్ అని ఒక పాత గుడి వున్నదట. గుమ్మటం అడ్డుకొలత 43 మీటర్ల పైమాట. లోపల ఇనుప కమ్మి లేదు, నడినెత్తిన మాత్రం దాదాపు 9 మీటర్ల రంధ్రం. వాన పడితే తిన్నగా లోపలి నేలమీదనే పడుతుంది. అందుకని నేల బండల్లో నీరు పోయే చిల్లులు పెట్టారు. 1,900 యేండ్లుగా అట్లాగే నిలిచి వున్నదంటే మేము నమ్మటానికి కొంచెం సేపు పట్టింది. సియెనా అనే వూళ్ళో నడివీధి మైదానం గవ్వలాగా పల్లంగా వుంటుందట. సాయంత్రమైతే వూరంతా వచ్చి ఆ ఇటుకల నేలమీద కూర్చుంటారట. "దుడ్డు లేకుండా కూర్చునేది అక్కడే మామా. కాఫీ అంగట్లో నిలబడి తాగితే ఒక ధర, కుర్చీలో కూర్చుంటే ఇంకో ధర" అన్నది. ఫ్లారెన్సులో పెద్ద గుడి గుమ్మటాన్ని బ్రూనెల్లెస్కి 1420లో మొదలుపెట్టి, నేలనుంచి కొయ్య చట్రం ఎత్తకుండానే ఇటుకలు పేర్చుకుంటూ 1436లో ముగించాడని చెప్పింది.

1420 అనగానే మాకొకటి జ్ఞాపకం వచ్చింది. బళ్ళారి కలెక్టరుగా పనిచేసిన రాబర్టు సీవెల్ గారు విజయనగరం మీద 1900లో వేసిన పుస్తకంలో నికోలో కోంటి సంగతి వున్నది. వెనిస్ ప్రాంతపు వర్తకుడు. రమారమి ఆ యేటనే విజయనగరం వచ్చాడు. ఫ్లారెన్సులో గుమ్మటానికి ఇటుకలు మోస్తున్న రోజుల్లో ఒక ఇటలీవాడు మన తుంగభద్ర ఒడ్డున నిలబడి, యీ పట్టణం చుట్టుకొలత అరవై మైళ్ళు, గోడలు కొండలమీదికి పోయాయి అని ఆశ్చర్యపడ్డాడన్నమాట! పండుగనాడు దోవన పోయేవారి మీద, రాజు రాణి అని కూడా చూడకుండా, కుంకుమపువ్వు నీళ్ళు చల్లుతారని కూడా చెప్పాడు. తెలుగు తూర్పుదేశపు ఇటాలియన్ అన్నది యీయనేనని మనవాళ్ళు సభల్లో చెబుతూ వుంటారు. సీవెల్ ఇచ్చిన భాగంలో ఆ మాట లేదు. మన భాషకు ఆ యోగ్యతాపత్రం అవసరమూ లేదు.

హోసపేటలో దిగి ఉగ్గాని బజ్జి తిని, హంపి బస్సు ఎక్కాము. 2021 నుంచి యీ వైపంతా విజయనగర జిల్లా. మా నోటికి మాత్రం ఇంకా బళ్ళారి జిల్లా అనే వస్తుంది.

మేము రాతి రథం చూపిద్దామంటే పిల్ల విరూపాక్షుని గుడి ముందరి బజారు దగ్గరనే ఆగిపోయింది. ముప్పాతిక కిలోమీటరు వీధికి రెండు పక్కలా రాతి మంటపాలు. వాటిలో కొన్నిటిని కొలవాలట. కాపలాదారు రానే వచ్చాడు. పిల్ల అనుమతి కాగితం తీసింది. ముద్ర వున్న కాగితం విలువ మాకు తెలుసు. అతడు మారు మాట్లాడకుండా వెళ్ళాడు. 1980 నుంచి ఇరవై యేండ్లపాటు జాన్ ఫ్రిట్జ్, జార్జ్ మిషెల్ అనే పండితులు ఇక్కడ విడిది చేసి, దేశదేశాల విద్యార్థుల చేత కట్టడాలన్నీ కొలిపించారని చెప్పింది. మనం చెప్పులు కాస్తున్నప్పుడు వారు కొలుస్తున్నారు.

పిల్ల ఒక కొస, మేము ఒక కొస. అంకెలు నోటుబుక్కులో ఎక్కించే పని మాది. అక్కడే ఒక మంటపం దగ్గర మాకు కాళ్ళు ఆగాయి. మునుపు అందులో ఒక పూటకూళ్ళ ఇల్లు వుండేది. చుట్టాలతో వచ్చినప్పుడల్లా అక్కడే తిన్నాము. 2011 జూలైలో బజారు మంటపాల్లో వున్నవారినందరినీ ఖాళీ చేయించి, కట్టుకున్న గోడలు పడగొట్టారు.

"సియెనాలో ఆరేడు వందల యేండ్ల ఇండ్లలో జనం కాపురముంటారు, కిటికీల్లో బట్టలు ఆరేస్తారు. ఇక్కడ మాత్రం ఎందుకు వుండకూడదు?" అన్నది పిల్ల. స్తంభాలకు సున్నం కొట్టి, మేకులు దిగగొట్టిందీ మేము చూచాము. ఆ మాటే అన్నాము. కాసేపటికి తానే అన్నది: వెనిస్ పాత పట్టణంలో 1951లో లక్షా డెబ్బయ్యయిదు వేల మంది వుండేవారట. 2022 నాటికి యాభై వేలకు లోపు. చాలా ఇండ్లు యాత్రికుల బసలైపోయాయి. "అక్కడ ఎవరూ గోడలు పడగొట్టలేదు మామా. అయినా పోయినారు."

1567లో సీజర్ ఫెడరిచి అనే మరో వెనిస్ వర్తకుడు యీ వూరికి వచ్చాడు. తాళికోట యుద్ధం జరిగి రెండేండ్లు. ఇండ్లు నిలిచే వున్నాయి గాని మనుషులు లేరని రాశాడు. దొంగల భయం వల్ల దారి తెరపి లేక, నెల రోజుల పనికి యేడు నెలలు ఇక్కడే చిక్కుపడ్డాడు. పాపం, ఆయన సాయంత్రాలు ఎట్లా గడిపాడో!

రాత్రి హోసపేట బసలో పటం గీస్తే ఒక గోడ కలవలేదు. ఎండలో మేము 9ని 6గా రాసుకున్నాము. ఇరవై రెండేండ్ల గుమాస్తా చేతికి ఇంతకంటె తలవంపు వుంటుందా? పిల్ల నవ్వలేదు, అదే మేలు. తెల్లవారి మళ్ళీ పోయాము.

టెంకాయలమ్మే ఒక పెద్దావిడ మమ్మల్ని చూస్తూ వుండి లేచి వచ్చింది. ఏమి కొలుస్తున్నారని కన్నడంలో అడిగి, మా మాట విని తెలుగులోకి మారింది. "ఈ మూలనే మా పొయ్యి, సామీ. ఆ కంబానికి ఉయ్యాల కట్టింటిమి" అని చూపించింది. పిల్ల టేపు తీసి మూల నుంచి పొయ్యి చోటికి ఎంతో కొలిచింది. నాలుగడుగుల రెండంగుళాలు. పటంలో అక్కడ చిన్న చదరం గీసింది.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిననాడు బళ్ళారి మైసూరులో కలిసింది. మా పిల్లలకు తెలుగు నోటిమాటే, బడిలో రాత కన్నడం. ఆ పిల్ల పెన్సిలు మాకిచ్చి, "పొయ్యి అని నువ్వే రాయి మామా, యకు ఒత్తు నాకు సరిగా రాదు" అన్నది. రాసి యిచ్చాము. మధ్యాహ్నం బండికి ఇంకా పది స్తంభాలు మిగిలే వున్నాయి.