కాళ్లు తీసేయమని డాక్టర్ని అడిగిన ఆటగాడు



ఈరోజు ఎరువుల గురించి కాదు, ధరల గురించీ కాదు. ఒక ఫుట్‌బాల్ ఆటగాడి సంగతి చెప్తాను. మనకెందుకులే అనుకోకండి, చివరికి ఇది మన మోకాళ్ల సంగతే.

ఆయన పేరు గాబ్రియెల్ బాతిస్తుతా. 1969లో అర్జెంటీనాలో పుట్టాడు, రెకాన్‌కిస్తా అనే ఊళ్లో పెరిగాడు. గోల్ దగ్గర బంతి దొరికిందంటే బలంగా తన్నడమే ఆయన పని. ఇటలీ జనం ముద్దుగా ‘బాతిగోల్’ అనేవాళ్లు. దేశం తరఫున 54 గోల్స్ కొట్టాడు. 2016లో మెస్సీ దాటేదాకా ఆ రికార్డు అలాగే ఉంది. 1994, 1998 రెండు వరల్డ్ కప్పుల్లోనూ ఒక్కో మ్యాచ్‌లో మూడేసి గోల్స్ కొట్టాడు.

నాకు బాగా నచ్చింది ఇంకోటి. 1993లో ఆయన ఆడే ఫియోరెంటీనా క్లబ్బు కింది డివిజన్‌కి పడిపోయింది. అంత పేరున్నోడు వేరే క్లబ్బుకి పోవచ్చు. పోలేదు. అక్కడే ఉండి, మరుసటి ఏడాది జట్టుతోపాటు పైకొచ్చాడు. పంట పోయినా మళ్లీ అదే చేలో విత్తనం వేసే మనిషి కదా! 2001లో రోమా క్లబ్బుతో ఇటలీ లీగ్ కూడా గెలిచాడు.

2005లో ఆట మానేశాడు. మానేసిన వెంటనే నడవలేకపోయాడు. చీలమండల్లో గుజ్జు అరిగిపోయి ఎముకకు ఎముక రాసుకునేది. బాత్రూం మూడు మీటర్ల దూరంలో ఉన్నా లేవలేక పక్కలోనే మూత్రం పోశానని ఆయనే చెప్పుకున్నాడు. డాక్టర్ దగ్గరికెళ్లి కాళ్లు తీసేయమన్నాడట! డాక్టర్ ఒప్పుకోలేదు. చివరికి 2019లో స్విట్జర్లాండ్‌లో చీలమండకి కృత్రిమ కీలు పెట్టారు. ఒంటికి మించి ఆడానని తర్వాత ఒప్పుకున్నాడు.

ఇప్పుడాయన సొంతూరి వైపే పశువులు పెంచుకుంటున్నాడు. అంటే మనోడే!

ఇక మన సంగతి. నాట్లప్పుడు నడుం పట్టేస్తే ఏం చేస్తాం? నొప్పి గోలీ వేసుకుని మళ్లీ బురదలో దిగుతాం. మందు కొట్టే ట్యాంకు వీపున వేసుకుని ఎకరాలకెకరాలు తిరుగుతాం. ట్రాక్టర్‌కి మాత్రం టైముకి ఆయిల్ మారుస్తాం. ఆయనకి డబ్బుంది, స్విట్జర్లాండ్ వెళ్లాడు. మనం ఎక్కడికెళ్తాం అన్నా?

నొప్పి నెల దాటితే గోలీతో సరిపెట్టకండి, ఎముకల డాక్టర్‌కి చూపించుకోండి. మీ ఇంట్లో ఆడవాళ్ల మోకాళ్లు కూడా అడగండి. వాళ్లు చెప్పరు.