పేరు లేని పెళ్లాం, చచ్చినా వదలని రెబెకా

మీరు ‘రెబెకా’ చదివారా? చదివుంటే మీ మీద నాకు కోపంగా ఉంది. ఇంత నవల దగ్గర పెట్టుకుని ఇన్నాళ్లూ ఒక్కరూ నోరు విప్పలేదే! డాఫ్నీ డు మారియే దీన్ని రాస్తే 1938లో లండన్‌లో విక్టర్ గొలాంజ్ అచ్చువేశాడు. ఆనాటినుంచి ఈనాటిదాకా ముద్రణ ఆగలేదు. లోకమంతా చదివేసి, సినిమాలు తీసేసుకుని, కొట్లాడుకుని సద్దుమణిగాక నేను వచ్చి పడ్డాను. అయితేనేం, ఆఖరి పంక్తిలో కూర్చున్నా వడ్డన వేడివేడిగానే ఉంది.

మా పుస్తకాల గుంపులో ఈ నెల వంతు దీనిది. అందరూ ఒకటికి రెండుసార్లు చదివినవాళ్లే, నేనొక్కణ్ణే కొత్త. దాంతో వాళ్లకు నేనో తమాషా అయిపోయాను. “ఎక్కడిదాకా వచ్చావు?” అని ఫోను. “మారువేషాల పార్టీ మొదలైంది” అంటే అవతలినుంచి ఒక నవ్వు, వెంటనే “సరే సరే, చదువు, మేమేం చెప్పం” అని పెట్టెయ్యడం. ఆ నవ్వుకు అర్థం మర్నాడు తెలిసింది. తెలిసిన క్షణాన పుస్తకం మూసి గదిలో అటూ ఇటూ తిరిగాను.

కథ మొదలు చాలా మామూలుగా ఉంటుంది. మాంటీ కార్లోలో ఒక పెద్ద హోటలు. మిసెస్ వాన్ హాపర్ అనే డాబుసరి అమెరికన్ ఆవిడకు తోడుగా ఏడాదికి 90 పౌన్ల జీతానికి కుదిరిన ఒక బిడియపు పిల్ల. అక్కడికి మాక్సిమ్ డి వింటర్ వస్తాడు. భార్య పోయినవాడు, వయసులో ఈ పిల్లకు రెట్టింపు, కార్న్‌వాల్ సముద్రపు ఒడ్డున మాండర్లీ అనే పేరుమోసిన బంగళాకు యజమాని. నాలుగు కారు షికార్లు, ఒక పెళ్లి మాట. అదీ ప్రేమగా అడగడు, విసుగ్గా అడుగుతాడు! మాండర్లీకి రెండో మిసెస్ డి వింటర్‌గా ఈ అమ్మాయి దిగుతుంది. మొదటి ఆవిడ రెబెకా, పడవ మునిగి పోయిందని ఊరంతా చెప్పుకునే ఆవిడ, ఆ ఇంట్లోంచి ఇంకా కదల్లేదు.

దెయ్యమై ఉందని కాదు. ఈ నవలలో ఒక్క దెయ్యమూ లేదు. ఒక్క గొలుసూ చప్పుడు చెయ్యదు, ఒక్క తలుపూ తనంతట తాను తెరుచుకోదు. అదే కదా నన్ను పడేసింది! గోథిక్ నవల అంటే 1764 నాటి ‘ది కాసిల్ ఆఫ్ ఒట్రాంటో’ నుంచీ పాడుబడ్డ కోట, శాపం, పిశాచం ఉండాలని నా లెక్క. డు మారియే ఆ సామానంతా బయట పారేసి, భయాన్ని తీసుకొచ్చి భోజనాల జాబితాలో పెట్టింది. నిజంగానే. ఆ రోజు వంటల జాబితా రాసి కొత్త యజమానురాలి ఆమోదానికి పంపుతారు. అందులో సాస్ దగ్గర ఖాళీ. ఏ సాస్ కావాలో చెప్పమని మిసెస్ డాన్వర్స్ అడుగుతుంది. ఆవిడ ఆ ఇంటి పెత్తనం చేసే మనిషి, రెబెకా చిన్నప్పటినుంచీ ఆమెతో ఉన్న మనిషి. పాత అమ్మగారు సాస్‌ల విషయంలో చాలా పట్టింపుగా ఉండేవారని కూడా చెబుతుంది. అంతే! ఒక్క కత్తి లేదు, ఒక్క కేక లేదు, నాకు మాత్రం వెన్నులో చలి.

ఇలాంటివి పేజీ పేజీకీ ఉన్నాయి. కొత్త కోడలు మొదటిసారి గుమ్మంలో నిలబడితే, నౌకర్లందరినీ వరసగా నిలబెట్టి స్వాగతం చెప్పిస్తుంది డాన్వర్స్. కంగారులో ఈ పిల్ల చేతి తొడుగులు కింద పడేస్తుంది, వాటిని వంగి తీసి ఇచ్చేదీ డాన్వర్సే. అప్పటికే ఎవరు యజమానో తేలిపోయింది. ఇంకో చోట గదిలో ఫోను మోగుతుంది, మిసెస్ డి వింటర్ కావాలంటారు. ఆవిడ పోయి ఏడాది దాటిందని ఈ అమ్మాయి కంగారుగా చెప్పి పెట్టేస్తుంది. తనే ఇప్పుడు మిసెస్ డి వింటర్ అని ఆ తర్వాత వెలుగుతుంది! నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది.

ఇక పేరు సంగతి. కథ చెప్పే ఈ అమ్మాయికి నవల మొత్తంలో పేరు లేదు. చాలా దూరం చదివాక గాని నాకు ఆ అనుమానమే రాలేదు. వచ్చాక పిచ్చివాడిలా వెనక్కి తిప్పి వెతికాను. మాక్సిమ్ ఒకచోట నీ పేరు అందంగా, అరుదుగా ఉందంటాడు. కవరు మీద తప్పుల్లేకుండా రాస్తాడు కూడా, అది ఎవరికీ సరిగ్గా రాదట. అన్నీ చెప్పి పేరు మాత్రం చెప్పరు! మొదట్లో తగిన పేరు తట్టక, తర్వాత అదొక పంతంగా తీసుకుని రాసుకుపోయానని డు మారియే చెప్పుకుంది. చచ్చిపోయినావిడ పేరేమో పుస్తకం అట్ట మీద ఉంది. ఆమె దస్తూరీ, పొడుగ్గా వాలి తక్కిన అక్షరాలన్నిటినీ మరుగుజ్జులు చేసే ‘ఆర్’ అక్షరం, కవితల పుస్తకం మీద, చేతిరుమాలు మీద, ఎక్కడ చెయ్యి పెడితే అక్కడ తగులుతుంది. కాగితం చింపి కాల్చినా ఆ అక్షరం చివరిదాకా కాలనని మొరాయిస్తుంది.

మా గుంపులో ఒక పిన్నిగారున్నారు. ఇంగ్లీషు నవలలకు ఆవిడ వేసే కొలతలు వేరే. “రెండో సంబంధానికి వెళ్లిన పిల్లకి మొగుడి కంటే ముందు ఎదురయ్యేది గోడమీద దండ వేసిన ఫోటో బాబూ. ఆ ఫోటో ఏ తప్పూ చెయ్యదు. పప్పులో ఉప్పెక్కువ వెయ్యదు. దానితో ఎవత్తి గెలుస్తుంది?” అన్నారు. కార్న్‌వాల్‌లో పుట్టిన కథ మన వరండాలోకి ఇంత సులువుగా వచ్చేస్తుందనుకోలేదు. వచ్చిందని సినిమావాళ్లకు ముందే తెలుసట. 1964లో హిందీలో ‘కోహ్‌రా’ పేరుతో ఇదే కథ తీశారు, రెండో భార్య వహీదా రెహమాన్. మన ‘రోజులు మారాయి’లో ఏరువాక పాటకు ఆడిన వహీదానే.

ఈ అమ్మాయి బుర్ర ఎలా పనిచేస్తుందో చూడాలి మీరు. ఎవరైనా ఒక్క మాటంటే చాలు, దాని వెనక పది మాటలు ఊహించుకుంటుంది. తను గది దాటి వెళ్లాక నౌకర్లు ఏమనుకుంటారో, ఊళ్లో ఆడవాళ్లు ఏమని పోలుస్తారో, సంభాషణలకు సంభాషణలు అల్లేస్తుంది. ఒక రాత్రి భోజనాల దగ్గర కూర్చుని తనే రెబెకా అయినట్టు, ఫోను ఎత్తినట్టు, నవ్వినట్టు లోపల్లోపల నాటకం ఆడేసుకుంటుంది. ఎదుటి కుర్చీలోంచి మాక్సిమ్ చూస్తూనే ఉంటాడు, ఆ కవళికలు చూసి అదిరిపోతాడు. ఈర్ష్యను ఇంత దగ్గరగా, ఇంత సిగ్గు లేకుండా రాసినవాళ్లను నేను చూడలేదు. దీన్ని ప్రేమకథగా అమ్ముతుంటే డు మారియేకు చిరాకట. తన మటుకు తను రాసింది ఈర్ష్య గురించే. ఆవిడ భర్త, సైనికాధికారి ఫ్రెడరిక్ బ్రౌనింగ్‌కు అంతకుముందు జాన్ రికార్డో అనే ఆమెతో నిశ్చితార్థమైంది. ఆ పాత ఉత్తరాల దస్తూరీయే ఈ నవలకు విత్తనం అంటారు. ఆ మాట విన్నాక ‘ఆర్’ అక్షరం మళ్లీ చూసి గుటక వేశాను.

ఈ కార్న్‌వాల్ వానా, మంచూ రాయడం మొదలుపెట్టింది ఎక్కడనుకున్నారు? ఈజిప్టులో, అలెగ్జాండ్రియా ఎండలో! భర్త ఉద్యోగం అక్కడ. మొదట రాసిన 15,000 మాటల దాకా చింపేసి మళ్లీ మొదలుపెట్టింది. మాండర్లీకి మూలం ఫోయీ ఊరి దగ్గర చెట్లలో దాక్కున్న మెనబిలీ అనే బంగళా. రాష్లీ కుటుంబానిది. చిన్న వయసులో దొంగచాటుగా ఆ తోటలో దూరి దాని మీద మనసు పడింది. నవల వచ్చిన తర్వాత, 1943లో, అదే ఇంటిని అద్దెకు తీసుకుని 1969 దాకా ఉంది. సొంతం మాత్రం కాలేదు. ఇది చెప్పినప్పుడు మా పిన్నిగారు “ఆ ఇంటికి ఈవిడ కూడా రెండో పెళ్లామే” అన్నారు. ఆవిడకు పత్రికలో కాలమ్ ఇవ్వాలి ఎవరైనా.

ఇక్కడినుంచి గుట్టు విప్పుతున్నాను. చదవనివాళ్లు లేచి వెళ్లి పుస్తకం చదువుకుని రండి.

పార్టీ రోజున డాన్వర్స్ సలహా ఇస్తుంది, గోడమీది కారొలైన్ డి వింటర్ పటంలో ఉన్నట్టు తయారవమని. ఈ పిచ్చిపిల్ల రహస్యంగా ఆ గౌను కుట్టించుకుని, ఉత్సాహంగా మెట్లు దిగుతుంది. కింద మాక్సిమ్ ముఖం పాలిపోతుంది. చివరి పార్టీకి రెబెకా వేసుకున్నదీ అదే! మర్నాడు కిటికీ దగ్గర నిలబెట్టి, దూకెయ్యి, నీకిక్కడ ఎవరున్నారు అని డాన్వర్స్ మెత్తగా, తల్లిలా నచ్చజెబుతుంది. అది చదువుతున్నప్పుడు ఊపిరి తీసుకున్నట్టు గుర్తులేదు. సరిగ్గా అప్పుడే సముద్రంలోంచి ప్రమాద సంకేతం రాకెట్లు. ఓడ ఒకటి ఇసుకలో కూరుకుంది. దాన్ని చూడ్డానికి దిగిన మనిషికి అడుగున రెబెకా పడవ దొరుకుతుంది. ఆ పడవ గదిలో ఒక శవం ఉంటుంది. మరి మాక్సిమ్ ఏడాది కిందట రెబెకాదే అని గుర్తుపట్టి పాతిపెట్టిన శవం ఎవరిది?

కొమ్మూరి సాంబశివరావు యుగంధర్‌ని చదివి పెరిగినవాణ్ణి. శవం దొరికితే డిటెక్టివ్ రావాలి, సిగరెట్ వెలిగించాలి, గుమ్మంలో మట్టి చూడాలి. ఇక్కడ ఎవరూ రారు. మాక్సిమ్ తనంతట తనే చెప్పేస్తాడు. తనే కాల్చాననీ, పడవకు కన్నాలు పొడిచి ముంచాననీ, రెబెకాను ఎన్నడూ ప్రేమించలేదనీ. అప్పుడు ఈ అమ్మాయి గుండెల్లో ఏం జరుగుతుందో తెలుసా? హత్య అన్న మాట పక్కన పడిపోతుంది. ప్రేమించలేదు అన్న మాటొక్కటే మిగులుతుంది. సంతోషం! ఆ క్షణంలో బిడియపు పిల్ల పోయి పెద్ద మనిషి లేస్తుంది, మర్నాడు వంటల జాబితా తనే కొట్టేసి వేరేది రాయిస్తుంది.

మా ఇంటి డాబా మీద అసలు గొడవ ఇక్కడే మొదలైంది. లా చదివే అమ్మాయి అంది: “రెబెకా చెడ్డదని మనకు చెప్పిందెవరు? చంపినవాడు. ముద్దాయి మాట పట్టుకుని హతురాలికి శిక్ష వేశాం.” రిటైరైన బ్యాంకు పెద్దాయన ఒప్పుకోలేదు. “ఆ అమాయకుడు బెన్‌ని పిచ్చాసుపత్రిలో వేయిస్తానని బెదిరించింది కదమ్మా. ఫేవెల్ లాంటి వెధవ బంధువుతో ఆ తిరుగుళ్లేమిటి?” “చెడ్డదే అనుకోండి సార్, కాల్చెయ్యొచ్చా?” పెద్దాయన టీ తాగారు. జవాబు రాలేదు. అప్పుడు తట్టింది నాకు. విచారణ జరుగుతున్నంతసేపూ, పడవ కన్నాలు లోపలినుంచి పొడిచినవే అని తయారుచేసినవాడు సాక్ష్యం చెబుతున్నంతసేపూ, అక్కడ కూర్చున్న ప్రతివాళ్లమూ ఒకప్పుడు హంతకుడు తప్పించుకోవాలని మొక్కుకున్నవాళ్లమే. పిన్నిగారితో సహా. కథ చెప్పేది అతన్ని ప్రేమించే అమ్మాయి కదా, ఆవిడ కళ్లద్దాలు మనకు పెట్టేసింది.

తెర మీద దీనికి ధైర్యం చాల్లేదు. 1940లో హిచ్‌కాక్ తీసిన సినిమాకు ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చింది, అయితే హంతకుడికి శిక్ష పడకుండా చూపించడానికి ఆనాటి హాలీవుడ్ నియమావళి ఒప్పుకోదు. అందుకని మాక్సిమ్ కాల్చలేదు, ఆవిడే కాలు జారి తల తగిలి పోయిందని మార్చేశారు. కథకు ఎముక తీసేసినట్టే. కానీ డాన్వర్స్‌గా జుడిత్ ఆండర్సన్! ఆవిడ నడుస్తున్నట్టు దాదాపుగా చూపించడు, చప్పుడు లేకుండా పక్కన నిలబడి ఉంటుంది. అందుకోసం వంద తప్పులు మాఫీ.

లండన్ డాక్టరు దగ్గర తేలే ఆఖరి మెలిక ఉందే, రెబెకాకు అప్పటికే క్యాన్సరనీ, నెలల్లో పోయేదనీ, కావాలనే మాక్సిమ్‌ని రెచ్చగొట్టి చంపించుకుందేమో అనీ, దాని మీద ఇంకో సాయంత్రం వాదించుకున్నాం. చచ్చాక కూడా గెలిచిందావిడ అని లా అమ్మాయి పక్షం. నేను ఆ పక్షమే.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. పూర్తయ్యాక పెద్దాయన “ఇప్పుడు మొదటి రెండు అధ్యాయాలు తీసి చదువు” అన్నారు. తీశాను. ఒక కల, దాని తర్వాత ఏదో పరాయి దేశపు హోటల్లో ఒక జంట. క్రికెట్ స్కోర్లు చదువుకుంటారు, వేళకు టీ తాగుతారు, పాత ఊరి పేరెత్తరు. మొదటిసారి అక్కడ నాకు ఆవులింత వచ్చింది. ఇప్పుడు చూస్తే శిక్ష అదే! కోర్టు వదిలేసిన మనిషికి మాండర్లీ కాలిపోయాక మిగిలిన బతుకు, నవల ముగింపు, మొదటి పేజీల్లోనే పెట్టేసింది మహాతల్లి. దాంతో మూడో అధ్యాయం, నాలుగో అధ్యాయం... మళ్లీ చదవడంలో పడిపోయాను. వచ్చే నెలకు అదే రచయిత్రి 1951లో రాసిన ‘మై కజిన్ రేచెల్’ పెట్టుకున్నారు. అందులో ఆవిడ విషం పెట్టిందా లేదా అని మావాళ్లు ఇప్పటికే రెండు జట్లుగా చీలి ఉన్నారు. నా ముందు మాత్రం ఎవరూ నోరు మెదపడం లేదు.