అడుగుల చప్పుడు

పరుగులో మడమ ముందు ఆనాలా, పాదం ముందుభాగమా? చెప్పుల్లేకుండా పెరిగి పరుగెత్తేవాళ్లు ఎక్కువగా పాదం ముందుభాగం మీదే దిగుతారని, అందుకే కాలికి తొలి కుదుపు తగ్గుతుందని 2010లో డేనియల్ లీబర్‌మన్ బృందం రాసింది. 2013లో ఉత్తర కెన్యాలోని దాసనచ్ ప్రజల్ని చూసినవాళ్లు, మామూలు వేగంలో వాళ్లలో ఎక్కువమంది మడమే ఆనిస్తున్నారన్నారు. అవీ ఉత్తకాళ్లే! మరి ఏది సహజం?

నా నడక మాత్రం సహజంగా వచ్చింది కాదు. పెద్దమనిషినయ్యాక అడుగుల చప్పుడు వినబడొద్దన్నారు. ఛాతీ దాచుకోవడానికి భుజాలు ముందుకు వంచుకున్నాను. నలభై దాటాక పరకాలలో పరుగు మొదలుపెడితే మడమకన్నా ముందు ఆ భుజాలే మొరాయించాయి. కొంగో చున్నీయో ఒక చేత్తో పట్టుకున్న మనిషికి రెండు చేతులూ సమంగా ఎట్లా ఊగుతాయి? నేను చదివిన పరుగు పాఠాల్లో చున్నీ ఊసే లేదు.

మా పాత వరంగల్లు జిల్లా కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తి 2024 మేలో కోబెలో టి20 విభాగం 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తింది. అప్పటికది ప్రపంచ రికార్డు. ఆ వీడియో మాతోపాటు పరుగెత్తే అక్కకు చూపించి, పాదం ఎట్లా ఆనుతుందో చూడమన్నాను.

"పాదం సంగతి తర్వాత. చేతులు చూడు పిల్లా, ఎవ్వలకూ భయపడనట్టు ఎట్ల ఊపుతున్నదో" అన్నదామె.